తరుగు, మజూరీ

పెళ్ళిలో పనిచేసే ప్రతివాళ్ళ డబ్బుకీ ఒక లెక్క ఉంటుంది. అది పెళ్ళివారికీ తెలుసు. వంటాయన ప్లేటుకి ఇంత అంటాడు. ఎంతమంది వస్తారో చూసుకుని గుణించుకోవడమే. మండపం డెకరేషన్ వాళ్ళు ఫోన్లో బొమ్మలు చూపించి, అసలు పూలైతే ఇంత, ప్లాస్టిక్ పూలైతే ఇంత అని చెప్తారు. సన్నాయి మేళానికి రోజుకి ఇంత. పంతులుగారి సంభావన తాంబూలంలో పెట్టి ఇస్తారు, అక్కడ బేరం ఉన్నా అది బేరంలా కనపడదు. ఇక బంగారం కొట్టు సంగతి సరేసరి. ఆ రోజు గ్రాము రేటు గోడమీద బోర్డులో ఉంటుంది. దాని మీద తరుగు ఇంత శాతం, మజూరీ ఇంత అని బిల్లులో విడివిడిగా రాస్తారు. మా బెజవాడ ఆడవాళ్ళు గ్రాము రేటు జోలికి పోరు. తరుగు దగ్గర గట్టిగా పట్టుకుంటారు, మజూరీ దగ్గర కాస్త వదులుతారు.

ఫొటోగ్రాఫర్ దగ్గరికి వచ్చేసరికి ప్రశ్నే మారిపోతుంది. వంటాయన్ని "ప్లేటెంత?" అని అడిగినవాళ్ళే మమ్మల్ని "మీరెంత తీసుకుంటారు?" అని అడుగుతారు. ఎంత అవుద్ది అని కాదు, ఎంత తీసుకుంటారు అని. నేనేదో నోటికొచ్చింది చెప్తానని, అందులో సగం గాలి ఉంటుందని, ఆ గాలి తీసేస్తే అసలు రేటు బయటపడుతుందని నమ్మకం. ఇరవై ఏళ్ళుగా ఈ ప్రశ్న వింటున్నాను. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. మా పనిలో తరుగు ఎంతో, మజూరీ ఎంతో మేమెప్పుడూ విడదీసి చూపించలేదు.

* * *

ఎప్పుడూ ఇలా లేదు. నేను వన్‌టౌన్‌లో ఒక స్టూడియోలో లైటు పట్టుకునే కుర్రాడిగా చేరేటప్పటికి రీలు రోజులు ఇంకా అయిపోలేదు. రీలుకి ముప్ఫై ఆరు ఫొటోలు. జాగ్రత్తగా ఎక్కిస్తే ముప్ఫై ఏడో, ముప్ఫై ఎనిమిదో వచ్చేవి. మా ఓనరుగారి బిల్లు పుస్తకంలో మూడే గడులు ఉండేవి: రీళ్ళు, కాపీలు, ఆల్బమ్. పెళ్ళికి ఎనిమిది రీళ్ళు మాట్లాడుకుంటే ఎనిమిదే. తొమ్మిదోది ఎక్కించాలంటే పెళ్ళికూతురి తండ్రిని పక్కకి పిలిచి అడగాలి. ఆయన ఒకసారి భోజనాల వైపు, ఒకసారి బంధువుల వైపు చూసి "సరే, ఎక్కించండి" అనేవాడు.

అందుకే ఆ రోజుల్లో ఫొటో అంటే ఖర్చని అందరికీ తెలుసు. మేనత్త వేదిక ఎక్కి నిలబడితే "ఇంకా ఎన్ని ఉన్నాయి బాబూ?" అని అడిగి మరీ నవ్వేది. కడగడానికి ఇంత, మాక్సీ సైజు కాపీకి ఇంత. కెమెరా వెనకున్న మనిషికి ఎంతన్నది ఎవరూ అడిగేవారు కాదు, చెప్పేవారూ కాదు. అది కాపీల రేటులో కలిసిపోయి ఉండేది. నెగెటివ్‌లు స్టూడియోలోనే ఉండేవి. తర్వాత కాపీలు కావాలంటే మళ్ళీ మా దగ్గరికే రావాలి. ఓనరుగారి అసలు మజూరీ ఆ తర్వాత వచ్చే కాపీల్లో ఉండేది.

డిజిటల్ వచ్చి ఈ ఏర్పాటునంతా ఎత్తుకుపోయింది. రీలు పోయింది, కాపీలు పోయాయి, నెగెటివ్ పోయింది. మిగిలింది మేము. పెళ్ళివారికి కనపడేది ఒక మనిషి, ఒక మీట. "ఊరికే నొక్కడమే కదండీ, ఇంకో నాలుగు తియ్యండి" అంటారు. వాళ్ళ చేతిలోని ఫోనుకీ నా చేతిలోని కెమెరాకీ ఆ విషయంలో తేడా ఏముంది?

* * *

తేడా ఉంది. దాని పేరే తరుగు.

నగ చేసేటప్పుడు రాలిపోయే బంగారాన్ని కంసాలులు తరుగంటారు. అకౌంట్లు రాసేవాళ్ళు యంత్రాలు ఏటికేడాది విలువ కోల్పోవడాన్ని తరుగుదల అంటారు. నాకైతే రెండూ ఒకటే. నేను చాలాకాలం వాడిన కెనాన్ 5డి మార్క్ 4 కెమెరా షట్టరుకి కంపెనీ చెప్పే ఆయుష్షు 1,50,000 క్లిక్కులు. పెళ్ళికి నేను దగ్గర దగ్గర 3,500 నొక్కుతాను. భాగిస్తే 42 చిల్లర. అంటే ఆ కెమెరా లోపలి రేకు నలభై మూడో పెళ్ళి నాటికి తన మాట నిలబెట్టుకున్నట్టే. అంతటితో చచ్చిపోతుందని కాదు. లక్ష దగ్గరే ఆగిపోయినవీ ఉన్నాయి, మూడు లక్షలు కొట్టినవీ ఉన్నాయి. షట్టరు మార్పించుకుని ఇంకొన్నేళ్ళు నడుపుకోవచ్చు. కాకపోతే ప్రతి క్లిక్కుకీ ఒక పిసరు రాలుతోంది. రీలైతే కనపడేది, ఇది కనపడదు.

నా నోటుబుక్కులో లెక్క ఇలా ఉంటుంది. గుండ్రం చేసి చెప్తాను.

గవర్నర్‌పేటలో గది అద్దె ఏడాదికి 1,20,000. కరెంటు, నెట్టు, ఫోను 36,000. కెమెరాలు, లెన్సులు, లైట్లు, కంప్యూటరు కలిపి ఆరు లక్షల సామాను, ఐదేళ్ళు ఆయుష్షు వేసుకుంటే ఏడాది తరుగు 1,20,000. హార్డ్ డిస్కులు, సాఫ్ట్‌వేర్ చందాలు 48,000. సాయంత్రాలు వచ్చి ఎడిటింగ్ చేసే అబ్బాయికి 1,20,000. పెట్రోలు, రిపేర్లు 36,000. మొత్తం 4,80,000. ఇదంతా ఒక్క పెళ్ళి తియ్యకపోయినా అయ్యే ఖర్చు.

ఏడాదికి 24 పెళ్ళిళ్ళు, లేదా వాటికి సరిపడా ఓణీల ఫంక్షన్లు, అన్నప్రాశనలు దొరుకుతాయనుకుందాం. పెళ్ళికి 20,000 పడుతుంది. నేను గడప దాటకముందే అయిపోయిన ఖర్చు ఇది. ఆ పైన ఆ పెళ్ళి కోసం పెట్టేవి: రెండో ఫొటోగ్రాఫరుకి 5,000, ఇద్దరు వీడియో వాళ్ళకి 10,000, డ్రోన్ అబ్బాయికి 5,000, ఆల్బమ్‌కి 14,000. ఇవి 34,000. రెండూ కలిపితే 54,000.

ఇక నా పని. మాట్లాడుకోవడానికి వెళ్ళిరావడం ఒక రోజు. పెళ్ళికొడుకుని చెయ్యడం, పెళ్ళి కలిపి రెండు రోజులు. మూడున్నర వేల ఫొటోల్లోంచి ఏరడం, రంగులు సరిచెయ్యడం, ఆల్బమ్ పేర్చడం, "మా బాబాయిగారి ఫొటో లేదేంటండీ" అంటే మళ్ళీ పేర్చడం, ఇదంతా ఏడు రోజులు. పది రోజులు. పెళ్ళివారు "అరవై వేలకి చేసిపెట్టండి" అంటే నాకు మిగిలేది 6,000. రోజుకి 600. మా వీధి చివర ఇల్లు కడుతున్న తాపీమేస్త్రి రోజు కూలి అంతకన్నా ఎక్కువ. ఆయన ఇటుకలు తను కొనక్కర్లేదు కూడా.

నేను 80,000 చెప్తాను. అంటే పది రోజులకి 26,000 మజూరీ. ఇరవై నాలుగు పెళ్ళిళ్ళకి నా రాబడి 19,20,000 అవుతుంది. సేవల మీద బతికేవాళ్ళకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ గీత 20 లక్షల దగ్గరుంది. అది దాటితే బిల్లు మీద 18 శాతం వెయ్యాలి. కల్యాణమండపం వాళ్ళ బిల్లులో ఆ గీతని పట్టించుకోని పెళ్ళివారు, ఫొటోగ్రాఫరు బిల్లులో దాన్ని చూస్తే ఉలిక్కిపడతారు. నాలాంటివాళ్ళు చాలామంది ఆ గీతకి ఇవతలే ఉండిపోవడానికి అదొక కారణం.

* * *

ఈ లెక్కంతా ఇరవై నాలుగు అనే అంకె మీద నిలబడింది. ఆ అంకె నా చేతిలో లేదు, పంచాంగంలో ఉంది.

ఆషాఢంలో పెళ్ళిళ్ళు లేవు. భాద్రపదంలో లేవు. పుష్యంలో లేవు. ఇవి కాక మూఢం. 2024లో ఏప్రిల్ చివర్లో శుక్రమూఢం మొదలైంది, గురుమూఢం తోడైంది. మే, జూన్ రెండు నెలలూ ముహూర్తాలే లేవు. ఆ వెంటనే ఆషాఢం. మామూలుగా ఎండాకాలం మా కోత కాలం. పిల్లలకి సెలవులు, హైదరాబాదు నుంచీ బెంగళూరు నుంచీ అందరూ ఊళ్ళకి వచ్చే రోజులు. ఆ ఏడాది కోత లేదు. శ్రావణం దాకా కెమెరాలు సంచుల్లోనే ఉన్నాయి.

పద్దెనిమిది పెళ్ళిళ్ళే దొరికాయనుకోండి. అదే 4,80,000ని పద్దెనిమిదితో భాగిస్తే పెళ్ళికి 26,666. అదే రేటుకి చేస్తే నా మజూరీ 19,334కి దిగుతుంది. గురుడూ శుక్రుడూ సూర్యుడికి దగ్గరగా వెళ్ళినందుకు పెళ్ళికి ఏడు వేలు తగ్గాయి. డెల్టా రైతుకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. కాలవకి నీళ్ళు ఆలస్యమైతే ఎకరానికి ఏమవుతుందో ఆయనకి తెలుసు. మా వృత్తిని రోజు కూలితో పోల్చుకోవడం కన్నా వ్యవసాయంతో పోల్చుకోవడం నయమని నాకు అనిపిస్తుంది. పనిచేసిన రోజుల డబ్బు పనిలేని రోజులకి కూడా తిండి పెట్టాలి.

డబ్బు చేతికొచ్చే తీరు కూడా పంటల ప్రకారమే ఉంటుంది. మొవ్వ, చల్లపల్లి, అవనిగడ్డ వైపు వెళ్తే "ధాన్యం డబ్బులు పడ్డాక ఇస్తాం", "మినుములు అమ్మాక సర్దుతాం" అంటారు. అన్నవాళ్ళు దాదాపు అందరూ ఇచ్చారు. ఆలస్యమైనా ఇచ్చారు. నా బీరువాలో మిగిలిపోయిన బాకీలు రైతులవి కావు. అక్కడ మూడు ఆల్బమ్‌లు ఉన్నాయి. ఒకదాని పెళ్ళివారు విదేశాలకి వెళ్ళి మర్చిపోయారు. మిగతా రెండిటి జంటలూ విడిపోయారు. విడిపోయిన పెళ్ళి ఆల్బమ్‌కి బాకీ ఎవరు కట్టాలి? అబ్బాయి వాళ్ళని అడిగితే అమ్మాయి వాళ్ళ మీద, వాళ్ళని అడిగితే వీళ్ళ మీద. రెండోసారి ఫోన్ చెయ్యడానికి నాకే మనసొప్పలేదు. అప్పటినుంచి మూడో వంతు అడ్వాన్సు, మూడో వంతు పెళ్ళికొడుకుని చేసే రోజు, మిగతా మూడో వంతు అప్పగింతల లోపు. ఆల్బమ్ అయ్యాక ఇచ్చేది ఏమీ ఉండదు. అప్పగింతలప్పుడు డబ్బు లెక్కపెట్టడం మోటుగా ఉంటుందని కొందరంటారు. నిజమే. అందుకే ఆ పని పెళ్ళికూతురి బాబాయికో, మేనమామకో ముందే ఒప్పజెప్పమని అడుగుతాను. ప్రతి ఇంట్లోనూ అలాంటి ఒక బాబాయి ఉంటాడు.

* * *

న్యాయమైన రేటు అంటే ఏమిటి? లెక్క ప్రకారం నా ఖర్చులూ మజూరీ వస్తే అది నాకు న్యాయం. ఇచ్చేవాళ్ళకో?

మనిషిని చూసి రేటు చెప్పడం మా లైన్లో మామూలు. కారులో దిగితే ఒకటి, ఆటోలో దిగితే ఒకటి. భీమవరం చేపల చెరువులంటే ఒకటి, సింగ్‌నగర్ అద్దె ఇల్లంటే ఒకటి. ఉన్నవాళ్ళ దగ్గర ఎక్కువ తీసుకుని లేనివాళ్ళకి తగ్గిస్తే న్యాయమే కదా అని వాదించే మిత్రులున్నారు. ఆ వాదం వినడానికి బాగుంటుంది. ఆచరణలో మాత్రం ఉన్నవాళ్ళ దగ్గర ఎక్కువ తీసుకోవడం జరుగుతుంది గానీ రెండో సగం జరగదు. పైగా ఉన్నవాళ్ళకే బేరం బాగా వచ్చు. చివరికి అడగడం రానివాళ్ళే ఎక్కువ కడతారు.

మనవాళ్ళనే బేరం ఇంకోటి. "మనోడే కదా" అంటారు. ఊరు ఒకటైతే మనోడు, కులం ఒకటైతే మనోడు, ఇంటి పేరు కలిస్తే ఇక చెప్పక్కర్లేదు. మనోడని తగ్గించాలంటే, మనోడు కానివాడి దగ్గర ఆ తగ్గింపు రాబట్టాలి. అది నాకు ఎబ్బెట్టుగా ఉంటుంది.

అందుకని మనిషిని బట్టి కాకుండా పనిని బట్టి రేటు పెట్టుకున్నాను. మొత్తం పెళ్ళి ఒక రేటు. జీలకర్ర బెల్లం నుంచి తలంబ్రాల దాకా మూడు గంటలు, నేనొక్కణ్ణే, వీడియో లేకుండా, నలభై ఫొటోల చిన్న ఆల్బమ్, అది ఇంకో రేటు. కారులో వచ్చినా ఆటోలో వచ్చినా అవే అంకెలు, అదే కాగితం. ఒక ఆటో డ్రైవరు తన కూతురి పెళ్ళికి ఆ మూడు గంటలదే తీసుకున్నాడు. "వీడియో ఎవరు చూస్తారండీ, ఫొటో అయితే గోడకుంటది" అన్నాడు. మూడు గంటలు తీస్తే మూడున్నర వేలు తియ్యలేం. చూసి తియ్యాలి, రీలు రోజుల్లోలాగా. ఆ ఆల్బమ్‌లు నాకు పెద్ద ఆల్బమ్‌లకన్నా బాగా వస్తాయని మా ఎడిటింగ్ అబ్బాయి అంటాడు.

రేటు అడిగేవాళ్ళతోనే న్యాయం అయిపోదు. నా కింద పనిచేసేవాళ్ళు నన్ను రేటు అడుగుతారు. పెళ్ళివారు నాతో ఎలా మాట్లాడతారో నేను రెండో ఫొటోగ్రాఫరుతో, లైటు పట్టుకునే కుర్రాడితో అలా మాట్లాడే వీలుంది. అది ఈ పనిలో పెద్ద ఉచ్చు. అందుకని వాళ్ళ డబ్బు ఆ రాత్రికే, మండపం వదిలే లోపే. నా మూడో వంతు నాకు వచ్చినా రాకపోయినా.

* * *

మా దగ్గర మూడేళ్ళు చేసిన కుర్రాడొకడు, ఉయ్యూరు దగ్గర పల్లెటూరు వాడు, సొంతంగా కెమెరా కొనుక్కున్నాడు. వాయిదాల మీద. పెళ్ళి మొత్తం 25,000కే చేస్తానని చెప్తున్నాడని మా లైన్లో అందరికీ మంట. "రేట్లు పాడుచేస్తున్నాడు" అని ఒకరిద్దరు నాతో అన్నారు, నేను గట్టిగా చెప్పాలని. ఒకరోజు వాడే వచ్చాడు.

"అన్నా, నెలకి ఏడున్నర వేలు కట్టాలి. ఖాళీగా ఉంటే ఎట్టా?" అన్నాడు. ఆ తర్వాత ఇంకో మాటన్నాడు. "మీకు పేరుంది, నాకు రేటే ఉంది."

దానికి నా దగ్గర జవాబు లేదు. కొత్తగా వచ్చినవాడు దేంతో లోపలికి రావాలి? మేమందరం అలా వచ్చినవాళ్ళమే. పాతవాళ్ళ రేట్లు నిలబడాలంటే కొత్తవాళ్ళు బయటే ఉండాలనడం న్యాయం కాదు.

నోటుబుక్కు తీసి వాడి లెక్క వాడి చేతే రాయించాను. చిన్న ఆల్బమ్ 8,000, వీడియో తీసే స్నేహితుడికి 4,000, పెట్రోలూ టిఫిన్లూ 1,000. మిగిలింది 12,000. నెలకి రెండు దొరికితే వాయిదా పోను పదహారున్నర వేలు ఇంటికి. "బానే ఉందిగా అన్నా" అన్నాడు. అప్పుడు తరుగు గడి చూపించాను. అది ఖాళీ. మూడేళ్ళలో వాయిదాలు తీరతాయి. అప్పటికి కెమెరా కూడా తీరిపోతుంది. కొత్తది కొనడానికి పక్కన పెట్టింది సున్నా. "నువ్వు తింటున్నది మజూరీ కాదురా, తరుగు తింటున్నావు. విత్తనాల ధాన్యం వండుకున్నట్టు." వాడు రైతు బిడ్డ, ఆ మాట తగిలింది.

అయినా రేటు పెంచమని వాడికి చెప్పలేదు. పెంచితే పని దొరకదని వాడికీ నాకూ తెలుసు. ఒకటే చెప్పాను. బిల్లులో నీ అసలు రేటు రాయి, 45,000 అయితే 45,000. దాని కింద తగ్గింపు 20,000 అని రాయి. దాని కింద 25,000. పెళ్ళివాళ్ళకి తెలుస్తుంది వాళ్ళకి నువ్వేం ఇస్తున్నావో. నీకూ తెలుస్తుంది. వచ్చే ఏడు తగ్గింపు 15,000 చెయ్యి. రేటు పెంచితే గొడవ పడతారు గానీ తగ్గింపు తగ్గితే ఎవరూ గొడవ పడరు.

* * *

నెగెటివ్ ఎవరిది అనే పాత తగవు ఇప్పుడు ఇంకో పేరుతో వస్తుంది. "డేటా మొత్తం ఇచ్చెయ్యండి" అంటారు. తీసింది మేము కాబట్టి ఫొటోలు మావే అని మా వాళ్ళలో చాలామంది నమ్మకం. చట్టం అలా లేదు. ప్రకాశం బ్యారేజీ పూర్తయిన ఏడాదే, 1957లో, వచ్చిన కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్న మనిషే. పెళ్ళికూతురి ఫొటో మన బోర్డు మీద వేసుకోవాలన్నా, ఇన్‌స్టాలో పెట్టుకోవాలన్నా కాగితం మీద ఒక లైను రాయించుకోవాలి. నేను రాయించుకుంటాను. వద్దంటే పెట్టను. ఒప్పుకున్నందుకు ఏమైనా తగ్గిస్తారా అని అడిగినవాళ్ళూ ఉన్నారు. అది న్యాయమైన ప్రశ్నే, తగ్గించాను.

రాజా దీన్‌దయాళ్ ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరు. మన తెలుగు నేల మీద ఈ వృత్తికి అంత పెద్ద ప్రాపకం ఇంకెవరికీ దక్కలేదు. దర్బారు ఉన్నా ఆయన సికింద్రాబాదులో స్టూడియో నడిపాడు. 1892లో హైదరాబాదులో ఆడవాళ్ళ కోసమే ప్రత్యేకంగా ఇంకోటి తెరిచాడు, అందులో తీసేదీ ఆడవాళ్ళే. పరదా వెనకున్న మనిషికి తన ముఖం ఎవరు చూస్తారన్నది ఫొటో ఖరీదు కన్నా పెద్ద సంగతని ఆయన గ్రహించాడు. ఇన్‌స్టా కాగితం మీద సంతకం పెట్టకుండా తిరిగిచ్చే పెళ్ళికూతుళ్ళని చూసినప్పుడు నాకు ఆ స్టూడియో గుర్తొస్తుంది.

సరే, హక్కు వాళ్ళదే. మరి దాచడం ఎవరి పని? నా ఒప్పందంలో ఏడాది అని రాసి ఉంటుంది. నిజానికి నేను పారెయ్యను. ప్రతి పెళ్ళీ రెండు డిస్కుల్లో ఉంటుంది, ఒకటి గదిలో, ఒకటి ఇంట్లో. డిస్కులు కూడా తరుగుతాయి. నాలుగైదేళ్ళకొకసారి కొత్తవాటికి ఎక్కించాలి. ఆ ఖర్చు నేను ఎవరినీ విడిగా అడగలేదు. అడగాలా వద్దా అన్నది 2024 సెప్టెంబరు దాకా నాకు తేలలేదు.

ఆగస్టు ఆఖరి రోజు వాన, ఆ రాత్రి బుడమేరు. సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ, రాజరాజేశ్వరీపేట, అన్నీ మునిగాయి. ఇటు కృష్ణలో బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద. నీళ్ళు తీశాక మంచాలు, పరుపులు, ఫ్రిజ్‌లు వీధిలో వేసి ఆరబెట్టుకున్నారు. ఆ సామాన్ల మధ్య ఆల్బమ్‌లు ఉన్నాయి. బియ్యం సంచుల్లో వేసుకుని నా దగ్గరికి తెచ్చారు, నేను తీసినవీ, తీయనివీ.

తడిసిన ఫొటోలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటే లాగకూడదు. ఎండబెట్టనూ కూడదు, ఎండితే ఇక విడవ్వు. మంచినీళ్ళ బేసిన్‌లో నాననిచ్చి, వాటంతటవి వదిలేదాకా ఆగి, పైన బొమ్మని వేలితో రుద్దకుండా తీసి, నీడలో వెల్లకిలా ఆరబెట్టాలి. పాత మాక్సీ కాపీలు చాలావరకు అలా బతికాయి. ఈ మధ్య చేసిన దళసరి అట్టల ఆల్బమ్‌లు బతకలేదు. అట్ట నీళ్ళు తాగి ఉబ్బి, బొమ్మని చీల్చేసింది. పదిరెట్లు ఖరీదైనవే ముందు పోయాయి.

వాంబే కాలనీ నుంచి ఒక మామ్మగారు వచ్చారు. 2012లో వాళ్ళమ్మాయి పెళ్ళి నేనే తీశాను. ఆల్బమ్ మొత్తం అక్కర్లేదన్నారు. ఆమె భర్త కాళ్ళు కడిగి కన్యాదానం చేస్తున్న ఫొటో ఒక్కటి కావాలి. ఆయన పోయి ఆరేళ్ళయిందట, పటం కట్టించిన ఫొటో నీళ్ళలో పోయిందట. డిస్కులో వెతికితే దొరికింది. పన్నెండు అంగుళాల సైజు వేయించి ఇచ్చాను.

"ఎంత బాబూ?" అన్నారు.

వద్దన్నాను. ఆమె కదలలేదు. "ఊరికే తీసుకుంటే ఆయనకి నచ్చదు బాబూ. లెక్క చెప్పు."

లెక్క చెప్పాను. బిల్లు పుస్తకం తీసి ప్రింటు ఖర్చు 180, వెతికిన మజూరీ 200, మొత్తం 380, వరద తగ్గింపు 280, కట్టవలసింది 100 అని రాసి ఇచ్చాను. ఆమె కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, కొంగు ముడి విప్పి వంద ఇచ్చి, బిల్లు మడిచి ఫొటోతో పాటు సంచిలో పెట్టుకున్నారు. ఆ నెలలో అలాంటి బిల్లులు చాలా రాశాను. సున్నాకి ఒక్క బిల్లు కూడా రాయలేదు. ఎవరూ రాయనివ్వలేదు.

అప్పటినుంచి నా రేటు కాగితంలో "దాచే ఖర్చు: పదేళ్ళు" అని ఒక లైను చేరింది. 1,500 రూపాయలు. అదేంటని అడిగితే చెప్తాను. చెప్పాక దాన్ని తీసెయ్యమన్నవాళ్ళు ఇంతవరకూ లేరు.

* * *

మొన్న పామర్రు నుంచి ఒక పెద్దాయన వచ్చారు, మనవరాలి పెళ్ళికి. కాగితం చూసి, కళ్ళజోడు తీసి, "అంతా బానే ఉంది గానీ, ఇందులో నీకెంత మిగులుద్ది?" అని అడిగారు. మొహమాటం లేని ప్రశ్న. "మీరెంత తీసుకుంటారు" కన్నా చాలా మెరుగు. నోటుబుక్కు ఆయన వైపు తిప్పాను. అద్దె దగ్గర తల ఊపారు. తరుగు దగ్గర కాసేపు ఆగి, "ట్రాక్టరు లాగానన్నమాట" అన్నారు. మజూరీ దగ్గర ఏమీ అనలేదు. వేలు కిందకి జరుపుకుంటూ వెళ్ళి ఒక చోట ఆపారు.

"ఈ డ్రోనుకి ఐదు వేలా?"

"అవునండీ, ఆ అబ్బాయికి."

"మా పందిరి కొబ్బరిచెట్ల కింద. పైనుంచి చూస్తే ఏం కనపడుద్ది, మట్టలు తప్ప? అది కొట్టెయ్యి. మిగతాదంతా ఉంచు."

కొట్టేశాను. మాఘంలో ముహూర్తం.